చెయ్యెత్తు చిట్టెమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద ఊళ్ళో, ఒక చెక్కబొమ్మ పుట్టింది. బొమ్మలెలా పుడతాయి అమ్మమ్మా అని అడగబోతున్నావు కదూ? నోరు మూసుకుని విను, చెబుతాను.

ఆ ఊళ్ళో సాంబరాజు అని ఒకాయన బొమ్మలు చేసేవాడు. తేలికైన కర్రతో ఒళ్ళు వేరుగా, తల వేరుగా, చేతులు వేరుగా చెక్కేవాడు. ఆయన పెళ్ళాం కోటమ్మ చింతపిక్కల ముద్దతో వాటిని అతికించేది.

ఒకరోజు కోటమ్మ ముందు రెండు బొమ్మలున్నాయి. ఒకటి చంకన కుండ పెట్టుకున్న పిల్ల. రెండోది ఏనుగెక్కిన మావటి. పిల్లకేమో నడుం మీద ఆనించుకునే గాజుల చెయ్యి. మావటికేమో అంకుశం పట్టి పైకెత్తిన చెయ్యి.

అప్పుడు సాంబరాజు అన్నం తింటూ, "గోంగూరలో ఉప్పు మరిచిపోయావే!" అన్నాడు.

"మరిచిపోతే వేసుకోలేవూ? నీకు చేతుల్లేవా?" అంది కోటమ్మ.

ఆ విసురులో ఎవరి చెయ్యి ఎవరికి అతికిస్తోందో చూసుకోలేదు మహాతల్లి! రంగులేసే వేళకి చూసుకుంటే ఏముంది, పిల్లకి మావటి చెయ్యి, మావటికి గాజుల చెయ్యి. ముద్ద రాయిలా ఎండిపోయింది. సంతకెళ్ళే బండి గుమ్మంలో నిలబడి ఉంది.

"పోనీలే, చేతులు చేతులే," అని సాంబరాజు పిల్ల చేతిలోంచి అంకుశం పీకేసి, రెండింటినీ బండెక్కించేశాడు. సంతలో ఏనుగు ఒకవైపు, పిల్ల ఒకవైపు పోయారు.

ఏయ్, దుప్పట్లో దూరి నవ్వకు. పాపం, ఆ పిల్లకి ఏడుపొచ్చింది. 'నా గాజుల చెయ్యి నాకెప్పుడొస్తుందో' అని అదే బెంగ.

ముందు ఆ పిల్లని వకీలు గారింటికి తెచ్చారు. దసరాకి బొమ్మల కొలువు పెడుతూ వకీలు గారి భార్య ముక్కు మీద వేలేసుకుంది. "ఏమిటర్రా ఇది? పేరంటానికొచ్చిన వాళ్ళని కొట్టేట్టుంది!" అని బొజ్జ శెట్టిగారి బొమ్మ వెనక నిలబెట్టింది. ఆ పండగంతా మన పిల్ల చూసిందల్లా శెట్టిగారి వీపే.

ఆ తర్వాత ఆవిడ ఆ బొమ్మను కిళ్ళీకొట్టు గవరయ్యకిచ్చేసింది. గవరయ్య మంచివాడే కానీ, ఆ ఎత్తిన చేతికి కొట్టు తాళాలు తగిలించేవాడు. భుజం ఒకటే పీకేది.

ఆ తర్వాత గవరయ్య తన మనవరాలు నీలవేణికిచ్చాడు. నీలవేణి తాళాలు తీసేసింది. చెయ్యి తుడిచింది. చిట్టెమ్మ అని పేరు పెట్టింది. బొమ్మకి పేరంటూ ఉండడం అదే మొదలు.

ఈ నీలవేణి ఉందే, ఇంట్లో వసపిట్ట, బళ్ళో ఉలకదు పలకదు. అన్నీ వచ్చు, చెయ్యెత్తాలంటే మాత్రం గుండె దడ. "ఇలాగే ఉంటే వచ్చే ఏడూ ఇదే తరగతి," అన్నారు కామేశ్వరి టీచరు. స్నేహితులంతా పై తరగతికి పోతే తనొక్కతే మిగిలిపోతుందని నీలవేణికి బువ్వ సహించలేదు.

అప్పుడు తోడుంటుందని చిట్టెమ్మను బడికి తీసుకెళ్ళి బల్ల మీద నిలబెట్టుకుంది.

టీచరు అడిగారు. "కప్పకి చిన్నప్పుడుండి, పెద్దయ్యాక పోయేదేమిటి?"

అందరూ దిక్కులు చూస్తున్నారు. వెనక బల్ల మీద ఒక్క చెయ్యి లేచి ఉంది.

"ఎవరే ఆ చెయ్యెత్తింది?"

"చి... చిట్టెమ్మండీ."

పిల్లలు గొల్లుమన్నారు. టీచరు మాత్రం నవ్వలేదు. "అయితే చిట్టెమ్మనే చెప్పమను."

నీలవేణి బొమ్మ వెనక మొహం దాచుకుని, "తోకండీ," అంది.

"శభాష్ చిట్టెమ్మా, కూర్చో!" అన్నారు టీచరు. చెక్కబొమ్మ ఎలా కూర్చుంటుందీ?

మర్నాడూ చిట్టెమ్మే చెప్పింది. ఆ మర్నాడు చిట్టెమ్మ చెయ్యి పక్కనే ఇంకో చెయ్యి మెల్లిగా లేచింది. వణుకుతూనే లేచింది. ఎవరిదో నేను చెప్పను, నువ్వే అనుకో.

నీలవేణి పై తరగతికెళ్ళింది. దసరా వచ్చింది. టీచరింటికి పేరంటానికి చిట్టెమ్మను చంకనేసుకుని పోయింది.

అక్కడ కొలువులో ఏనుగు! ఏనుగు మీద గాజుల చేతి మావటి!

"అమ్మ దొంగా, నీ చెయ్యి మా ఇంట్లో ఉందటే!" అని టీచరు పకపకా నవ్వారు. "కొండ కింద ఊరు పంపి ఇద్దరికీ మార్పించెయ్యనా?"

చిట్టెమ్మ గుండె గెంతింది. ఎన్నాళ్ళ బెంగ!

అప్పుడు ఏనుగు బొమ్మల భాషలో గుసగుసలాడింది. "ఆ చెయ్యి తీసుకుపోకమ్మా. నా తల నిమిరే చెయ్యి అది. అంకుశం పోటు ఎలా ఉంటుందో నేనెరగను."

చిట్టెమ్మ తన ఎత్తిన చెయ్యి చూసుకుంది. ఈ చెయ్యే లేకపోతే నీలవేణి చెయ్యి లేచేదా? వద్దని చెబుదామంటే మనుషుల ముందు బొమ్మలకి నోరు లేదాయె.

అప్పుడు పేరంటాళ్ళందరి మధ్యా నీలవేణి నిటారుగా చెయ్యెత్తింది. ఈసారి వణకలేదు.

"టీచర్! చిట్టెమ్మ ఏదో చెబుతోందండీ."

"చెప్పమను మరి."

"వద్దుటండీ. ఇదే బాగుందిట."

ఆ మాటకి చిట్టెమ్మ పొంగిపోయింది. 'గోంగూరలో ఉప్పు మరిచిపోయిన ఆ తల్లి పదికాలాలు చల్లగా ఉండాలి' అనుకుంది.

కథ కంచికి, కుండ చంకకి,
అంకుశం అటకకి, అమ్మలు పడకకి!

ఏదీ, నిద్రొచ్చిన వాళ్ళు చెయ్యెత్తండి చూద్దాం.