అసిరి మొగ్గ

అనగనగా అంటే ఎంత అనగా? మా ముత్తవ్వ ముత్తవ్వకి పాలపళ్ళు కూడా రాకముందు. ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే నా కథ కదలదు.

సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఉప్పు నేల. గడ్డి మొలవడమే గగనం, ఇక పూల మొక్కేం బతుకుతుంది? ఆ ఊళ్ళో పూలంటే అసిరి చేసిన కాగితం పూలే. సంతలో రంగు కాగితం తెచ్చేది, కత్తిరించేది, గంజితో అంటించేది, ఈనెపుల్లలకి చుట్టి గుత్తి కట్టేది. పెళ్ళి పందిట్లో అసిరి గుత్తి. ఉయ్యాల మీద అసిరి గుత్తి. పాడె మీదా అసిరి గుత్తే.

అసిరి తల్లో మాత్రం పువ్వు లేదు. మొగుణ్ణి పడుచు వయసులోనే సముద్రం మింగేసింది. పిల్లాజెల్లా లేరు. పోయాకైనా ఎవరో ఒకరు తన మీద ఒక్క పువ్వు పెడితే చాలని ఆమె ఆశ. తనే కట్టి దాచుకోవచ్చు కదా అంటారేమో. పాడె మీద పువ్వు ఇంకొకళ్ళు పెట్టాలి నాయనా, తనకి తాను పెట్టుకునేది కాదు. అందుకే అడగాలి. కానీ ఎప్పుడడగాలి? గుత్తి కావాలంటే తప్ప ఆమె గడప ఎవరూ తొక్కరే!

మహలచ్చిమి కూతురి పెళ్ళికి గుత్తి ఇస్తూ అడిగింది.

“నాను పోయిన్నాడు నాకో పువ్వు పెడతావేటమ్మా?”

“శుభమా అని పెళ్ళి చేస్తుంటే అవేటి మాటలే!” అని కసిరింది మహలచ్చిమి.

ఇంకో ఇంట ఉయ్యాలకి గుత్తి ఇస్తూ అడిగింది.

“నాను పోయిన్నాడు నాకో పువ్వు పెడతావేటమ్మా?”

“పసిగుడ్డు ముందర చావు మాటేటి? నీ నోరు పడ!” అన్నారు.

మరో ఇంట పాడెకి గుత్తి ఇస్తూ అడిగింది.

“మా ఇంట శవం లేవనేలేదు, అప్పుడే నీ గోలేటి?” అన్నారు.

పాపం, అసిరి ఇంక అడగలేదు. అప్పట్నుంచీ గుత్తి గుత్తికీ ఒక మొగ్గని విప్పకుండా వదిలేసేది.

“ఇదేటే, ఈ మొగ్గ విచ్చుకోనేదు?” అని అడిగేవారు.

“అది నాదమ్మా. మీకాడుండనీ.”

పిచ్చిదని నవ్వారు. వాడిపోని పూలు గనక గుత్తుల్ని గుమ్మాలకి కట్టుకున్నారు. మొగ్గ సంగతి మరిచిపోయారు.

ఒకనాడు ఎవరికో పెళ్ళి గుత్తి కావాల్సి వచ్చి అసిరి తలుపు తట్టారు. పలకలేదు. తోసి చూస్తే చాప మీద ప్రాణం పోయి పడి ఉంది. గిన్నెలో గంజి ఎండిపోయింది. ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు. చూడ్డానికి పోయినవాళ్ళా, కాదే, గుత్తికి పోయినవాళ్ళు!

పాడె కట్టారు. బోసి పాడె. పువ్వు చెయ్యడం ఊళ్ళో ఒక్కరికీ రాదు. అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు మహలచ్చిమి గుండెలు బాదుకుంది.

“ఒలమ్మో! ఆ మొగ్గ ఆమెదన్నది కదే!”

ఇంటికి పరిగెత్తింది. గుమ్మానికున్న, మనవడి ఉయ్యాల నాటి గుత్తిలోంచి మొగ్గ తీసి, విప్పి తెచ్చి పాడె మీద పెట్టింది. అది చూసి ఊరు ఊరంతా గుమ్మాల మీద పడింది. పాడె పూలతో నిండిపోయింది. ఏం లాభం? ఆమె చూసిందా!

మొగ్గలు విప్పిన ఆ చేతులే మెల్లగా పువ్వు చెయ్యడమూ నేర్చుకున్నాయి. ఇప్పటికీ ఆ తీరాన కాగితం గుత్తి కడితే ఒక మొగ్గ విప్పకుండా ఉంచుతారు. అది అసిరిది. దిక్కులేనివాళ్ళెవరైనా పోతే ఇంటింటి మొగ్గా విప్పి వాళ్ళ మీద వేస్తారు. ఇంకోటి కూడా ఉంది. అక్కడ ముసలివాళ్ళు తమ చావు మాట ఎత్తితే, పెళ్ళింట్లోనైనా సరే, ఎవరూ కసరరు. చేతిలో పని ఆపి, “పెడతామే అవ్వా” అంటారు.