నక్క గాలించిన ఉలవలు

"నాలుగు వందల ముప్పై రెండు!"

చుక్కల పెట్ట పెట్టిన కేకకు దొడ్డి దొడ్డంతా ఉలిక్కిపడింది. ముసలి ఎద్దు మైలడు నెమరు ఆపేసింది.

"ఏమిటే ఆ లెక్క? గుడ్లా?" గోడ మీంచి కోతి అడిగింది.

"గుడ్లయితే పండగ చేసుకుందుం. రాళ్ళు! సోలెడు ఉలవలు ఏరితే తొమ్మిది రాళ్ళు వచ్చాయి. మానికకు నాలుగు సోలలు, అంటే ముప్పై ఆరు. మన దగ్గరున్నవి పన్నెండు మానికలు. నువ్వే గుణించుకో!"

కోతి చేతివేళ్ళు అయిపోయి కాలివేళ్ళ దాకా వచ్చి, అక్కడ నోరు తెరిచేసింది.

ఆ ఏడు కళ్ళం అలకకుండానే ఉలవలు నూర్చేశారు. నేలలోని మొరం లేచి గింజల్లో కలిసిపోయింది. రంగూ ఉలవదే, సైజూ ఉలవదే. పోయినేడు ఒక్కటంటే ఒక్క రాయి తగిలి మైలడి దవడ పన్ను విరిగింది. ఇంకొక్కటి పోతే నమలడం కుదరదు. నమలని ఎద్దు కాడి మోయలేదు. కాడి కదలకపోతే దొడ్డిలో ఎవరికీ గింజ ఉండదు.

"రోజుకు రెండు మానికలు ఏరగలను. మొత్తానికి ఆరు రోజులు. వానేమో నిన్ననే పడింది, ఎల్లుండికల్లా దుక్కి మొదలవ్వాలి." అంటూ పెట్ట మళ్ళీ ఏరడానికి కూర్చుంది.

"నేనుండగా భయమెందుకు కోడలా?"

కంచె అవతల నక్క నిలబడి ఉంది. పిలవని పేరంటం దానికి అలవాటే.

"ఏరడమేమిటి, పిచ్చిదానా! నానబోసి గాలించాలి. మూకుట్లో నీళ్ళతో ఊపుతూ వంచుతుంటే గింజ పైకి లేచి గంగాళంలోకి జారుతుంది. రాయి బరువు కదా, అడుక్కు పోతుంది. పొద్దు వాలేలోగా పని పూర్తి."

"కూలి ఏమిస్తే చేస్తావు?" ఎద్దు అడిగింది.

"నీ దగ్గర కూలా, పెద్దాయనా? అడుగున మిగిలింది నాకు పడేయండి, చాలు."

"అడుగున మిగిలేది రాళ్ళేగా!" కోతి పకపకా నవ్వింది. "పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం! సరే అను మైలన్నా!"

ఎద్దు సరేనంది. రాళ్ళు కూలిగా అడిగే నక్కను పెట్ట ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం దాకా నానాక నక్క పనికి దిగింది. ఏమాటకామాటే, చెయ్యి తిరిగినదే. మూకుడు ఊపడం, వంచడం, మళ్ళీ నీళ్ళు పోయడం. గంగాళంలోకి గింజలు జలజలా రాలాయి. పెట్ట ముక్కుతో కెలికి చూసింది. ఒక్క రాయీ లేదు! మెచ్చుకుందామని తలెత్తేసరికి నక్క మూకుడు కింద పెట్టి చేతులు దులుపుకుంటోంది.

"అయిపోయింది. అడుగున మిగిలింది నాది."

పెట్ట మూకుట్లోకి తొంగిచూసి కొయ్యబారిపోయింది. సగానికి సగం గింజ అందులోనే ఉంది!

"ఆరు మానికలు! పన్నెండులో ఆరు మూకుట్లోనే ఉంచేశావు!"

"ఎన్నిసార్లు వంచాలో ఒప్పందంలో ఉందా? లేదే!"

"అడుగున రాళ్ళుంటాయన్నావు కదరా!" అంది ఎద్దు.

"రాయి అడుక్కు పోతుందన్నాను. నాకు రాళ్ళివ్వండి అన్నానా? మాటంటే మాటే పెద్దాయనా."

ఎద్దు తల దించుకుంది. సగం ఉలవలతో సగం చేనైనా దున్నడం కుదరదు. పెట్ట బుర్ర మాత్రం చకచకా లెక్క వేసుకుంది. గంగాళంలో రాళ్ళు సున్నా. మరి రాళ్ళన్నీ ఎక్కడున్నట్టు?

"అయితే మామా, నీ మూకుట్లో రాళ్ళేమీ లేవా?" మెల్లగా అడిగింది.

ఉన్నాయంటే, రాళ్ళు తీసేదాకా పని పూర్తికానట్టే. నక్క ఆ మాత్రం ఆలోచించలేనిది కాదు.

"ఒక్కటి కూడా లేదు! నేను గాలించానంటే ముత్యాలే."

"మంచిమాట. మైలన్న పన్ను విరిగాక మా దొడ్డిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఉలవలు బాగుచేసినవాళ్ళు గుప్పెడు గింజలు అందరిముందూ నమిలి చూపాలి. అప్పుడే కూలి."

"అవును, ఉంది. ఎవరినైనా అడుగు," అంది ఎద్దు.

"ఓస్, అంతేనా?" నక్క గంగాళం వైపు నడిచింది.

"అది మా వాటా మామా. నీది నువ్వు తిను."

నక్క వెనక్కి తిరిగి మూకుట్లో పైపైన నాలుగు గింజలు తీసుకోబోయింది.

"పైన కాదు. నువ్వు అడిగింది అడుగే కదా!"

కోతి చటుక్కున దూకి, మూకుడు అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి నక్క ముందు పెట్టింది. దొడ్డిలో అందరి కళ్ళూ నక్క మూతి మీదే. వెనక్కి తగ్గితే కూలి పోతుంది. ఆరు మానికల ఉలవలు! నక్క కళ్ళు మూసుకుని గుప్పెడూ నోట్లో వేసుకుంది.

కటుక్కు!

ఆ చప్పుడుకు ఎద్దు కూడా దవడ పట్టుకున్నంత పని చేసింది. నక్క నోట్లోంచి మొరం రాళ్ళు, వాటి వెనకే ఎర్రగా ఒక పన్ను రాలిపడ్డాయి. నక్క దాన్ని చూసింది. నమ్మలేక నాలుకతో తడుముకుంది. అక్కడ ఖాళీ!

"ముత్యాలు గట్టివే మామా," అంది కోతి.

"పని పూర్తి కాలేదు కనుక కూలీ లేదు. మిగతాది మేం గాలించుకుంటాంలే," అని పెట్ట కోతి చేత మూకుడు మళ్ళీ ఊపించింది. అయిదు వంపులకు గింజంతా గంగాళంలో చేరింది. అడుగున వట్టి రాళ్ళు మిగిలాయి. పెట్ట వాటిలో నాలుగు ఏరుకుని, గుటుక్కు గుటుక్కున మింగేసింది.

నక్క నోరు కప్పుకోవడం కూడా మరిచిపోయింది. "అమ్మో! రాళ్ళు... మింగేస్తున్నావా?"

"మాకు పళ్ళు లేవు కదా మామా. కందనకాయలో తిండి నలగాలంటే రాళ్ళే కావాలి. ఇంకో నాలుగు నీకు పెట్టనా?"

నక్క తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, కంచె సందు కూడా చూసుకోకుండా ముళ్ళలోంచే అడవిలోకి పరుగెత్తింది. ఆ సాయంత్రం దొడ్డిలో పన్నెండు మానికల ఉలవలూ పొయ్యి మీద కుతకుతా ఉడికాయి.

నీతి: నీ పంటికి పనికిరానిది ఎదుటివాడికి శుభ్రమని చెప్పకు.