చెరువులో వేసిన ఉప్పు

విటమిన్ పొడి డబ్బా మీది రాత తాను చదివాననీ, చదివీ నోరు మూసుకున్నాననీ మంగతాయి ఎవరితోనూ అనలేదు. వంటమనిషికి చదువేమిటని నవ్వుతారేమోనని భయం. ఆ మౌనానికి పాపం అప్పలస్వామి బాబాయి దొంగయ్యాడు.

కామందు గవర్రాజు గారి చేపల చెరువులో చేపపిల్లలకు వెన్ను వంకర తిరిగింది. విటమిన్ లోపమన్నారు. కామందు డబ్బాలకు డబ్బాలు పొడి తెప్పించి, "చేపలుండేది నీళ్ళలోనేగా, నీళ్ళలో చల్లెయ్!" అన్నాడు. చెరువు పని చూసే అప్పలస్వామి చల్లాడు. వంకర పోలేదు. పొడి అమ్ముకున్నావంటూ కామందు అతన్ని పనిలోంచి గెంటేశాడు.

మంగతాయికి కుతూహలం ఆగలేదు. చిటికెడు పొడి గ్లాసు నీళ్ళలో వేసి చూసింది. రెప్పపాటులో కరిగిపోయింది.

మర్నాడు కామందు చేపల పులుసు కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఉప్పేదే?"

"వేశానండీ. చేపను పట్టకముందే చెరువులో గుప్పెడు వేశాను."

"చెరువులో వేస్తే పులుసులోకి ఎలా వస్తుందే, తిక్కదానా?"

"మరి పొడి చేప కడుపులోకి ఎలా వెళ్తుందండీ?"

ఆయన కంచం పక్కకు జరిపి, "అయితే ఏం చెయ్యమంటావ్?" అన్నాడు.

"తవుడులో కలిపి, గంజి పోసి పిసికి ముద్దలు పెట్టాలటండీ. డబ్బా మీదే రాసుంది."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! పో, అప్పలస్వామికి కబురు పంపించు."

ముందే. ఆ మాట మంగతాయికి చేపముల్లులా గుచ్చుకుంది. పనిలోకి రమ్మని ఎవరు చెప్పినా బాబాయి వస్తాడు. చదివీ ఊరుకున్నానని మాత్రం తానే చెప్పాలి. మంగతాయి చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది.