పంచుకున్న పథ్యం

గుమ్మడివలస మొత్తానికి తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురు ముసలి తోబుట్టువుల నమ్మకం. పెద్దాయన సన్యాసినాయుడు, తమ్ముడు పోలినాయుడు, చెల్లెలు నరసమ్మ. ఏ పనైనా పంచుకునే చేస్తారు. ఒకరు నీళ్ళు తోడితే ఒకరు కట్టెలు కొడతారు, ఒకరు వండుతారు.

కిందటేడు ముగ్గురికీ బీపీ పెరిగి ఆస్పత్రిలో పడ్డారు. ఆ బిల్లుకి ఒక గేదె పోయింది. ఇంక మిగిలింది నాగమల్లి ఒక్కటే. దాని పాలతోనే ఇల్లు గడవాలి. అది కూడా పోతుందేమోనని నరసమ్మకి ఒకటే బెంగ.

"రోజూ నడవండి, మాత్ర వేసుకోండి, ఉప్పు మానండి. జాగ్రత్తగా ఉంటే ఆస్పత్రి ఖర్చు తప్పుతుంది, మీ గేదె మీకుంటుంది" అంది డాక్టరమ్మ.

ఇంకేముంది, ఇంటికొచ్చి పంచేసుకున్నారు! నడక పెద్దాయనకి, మాత్రలు పోలినాయుడికి, ఉప్పు మానడం నరసమ్మకి. పెద్దాయన ముగ్గురి నడకా నడిచి కాళ్ళు వాచి కూలబడ్డాడు. ముగ్గురి మాత్రలూ మింగిన పోలినాయుడు కళ్ళు తిరిగి గడ్డిమేటులో పడ్డాడు. నరసమ్మ తను మానిన ఉప్పు పారేయడమెందుకని అన్నల కంచాల్లో కుమ్మరించింది. అంతే, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పరుగు.

"ఓరి నాయనో! ఒకరి బదులు ఒకరు చేస్తే ఎలా? ఎవరి జాగ్రత్త వాళ్ళే పడాలి. లేకపోతే ఆ ఉన్న గేదె కూడా పోతుంది!" అని నెత్తి కొట్టుకుంది ఆవిడ.

దారిలో పోలినాయుడు అడిగాడు. "అన్నయ్యా, మనకి జబ్బు చేస్తే పోయేదెవరు?"

"నాగమల్లి."

"మరి జాగ్రత్త పడాల్సిందెవరు?"

"ఔరా! నాగమల్లే!"

అంతే! నాగమల్లిని మర్నాడు పొద్దున్నించీ ఊరు చుట్టూ తిప్పారు. మాత్రలన్నీ తవుడులో కలిపి పెట్టారు. పాపం, అది సాయంత్రానికి చతికిలబడి కన్నెత్తి చూడలేదు.

పశువుల డాక్టరు వచ్చి పెదవి విరిచాడు. "సూదులకీ సెలైన్లకీ బోలెడవుతుంది. ఇప్పుడే వైద్యం చేయించకపోతే మీకిది దక్కదు."

నరసమ్మ గొల్లుమంది. "ఎంతైనా కానీ అన్నయ్యా, దీన్ని దక్కించుకోవాల్సిందే!"

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ పరుగున వెళ్ళి గేదెల వ్యాపారిని పట్టుకొచ్చారు. నాగమల్లిని అక్కడికక్కడే వచ్చినకాడికి అమ్మేశారు. ఆ డబ్బంతా పెట్టి నాగమల్లికి వైద్యం చేయించారు. తెల్లారేసరికి అది లేచి, తోక ఊపుకుంటూ వ్యాపారి వెంట వెళ్ళిపోయింది.

"చూశావా తమ్ముడూ, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా గేదెని దక్కించుకున్నాం!" అన్నాడు సన్యాసినాయుడు.

నరసమ్మ కళ్ళు తుడుచుకుని, చెంబు కడుక్కుని, పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళింది.