గొర్రెలగట్టు మీద టవరు

జబ్బార్ చేతిలో ఇక ఒక్క టవరే మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చి, రేపటికల్లా సంతకం చెయ్యాలి.

సెల్ టవర్లకు చోట్లు ఖాయం చేయడం అతని ఉద్యోగం. శుక్రవారం కావడంతో, నల్లమల అంచున దర్గాలో ఉండే తన గురువు హుసేనీ బాబా దగ్గరికి వచ్చాడు.

"ఎటూ తేలడం లేదా బేటా?"

"తేలిపోయింది బాబా. దువా కోసం వచ్చాను. మూడేళ్ల కాల్స్ అన్నీ కృత్రిమ మేధ చదివింది. గొర్రెలగట్టు మీద పెట్టమంది. ఈ అడవిలో కాల్స్ అన్నీ అక్కణ్ణుంచే. మనిషైతే మొహమాటానికి పోతాడు. దానికి ఆ బాధ లేదు."

టాబ్‌లో పటం చూపించాడు. గట్టు ఎర్రగా మెరుస్తోంది. అడవి లోపల ఇప్పచేను అనే చెంచుగూడెం బూడిదరంగులో ఉంది. పక్కన 'కాల్స్ లేవు, అవసరం లేదు' అని రాసుంది.

బాబా చేతికర్ర అందుకున్నాడు. "పద. అంతగా మాట్లాడేవాళ్ల ఇళ్లు చూసొద్దాం."

గట్టు మీద ఒక్క ఇల్లూ లేదు. కూర్చుని కూర్చుని అరిగిన నున్నటి బండ ఒకటి ఉంది. బాబా దాని మీద కూర్చున్నాడు. ముసురు పడుతోంది.

కాసేపటికి ఒకామె ఎక్కివచ్చింది. మోకాళ్లదాకా బురద. ప్లాస్టిక్ సంచిలోంచి ఫోను తీసి తలపైకి ఎత్తింది. వరసగా మెసేజీలొచ్చి అది ఆగకుండా మోగింది.

"ఎవరమ్మా?" అడిగాడు బాబా.

"ఈదమ్మను సామీ. మాది ఇప్పచేను. మాకు సిగ్నలు ఈడనే. మావోడు హాస్టల్లో చదువుతాడు. జొరమని సోమారం చెప్పినారు. ఆ మాపే వాగొచ్చె, దాటలేకపోతి. ఇయ్యాలే దిగింది." ఫోను జబ్బార్‌కిచ్చింది. "నాకు చదువు రాదు సారూ. ఏమొచ్చినాయో చూడు."

"హాస్టల్ నుంచి మంగళవారం తొమ్మిదిసార్లు చేశారు. బుధవారం పద్నాలుగు."

"నిన్న?"

"నిన్న... చెయ్యలేదమ్మా."

"ఇయ్యాల?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఫోను తీసుకుని హాస్టలుకు కలిపింది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు.

"జొరం తగ్గింటాది. ఇంక నాతో అవసరం లేక చేసుండరు. అంతే కదా సారూ?"

బాబా తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు. తర్వాత శిష్యుడి చెవి దగ్గరికి వంగాడు.

"కాల్స్ లేకుంటే ఏమనుకోవాలో నీ పటంలో రాసుంది కదా బేటా. చదివి చెప్పు."