పొగ రాని హుక్కా

గుమ్మడివలస జమీందారుకు తన నీడ మీద కూడా అనుమానమే. అన్నం ముందు పిల్లికి పెట్టించేవాడు. మంచం కింద కర్రతో పొడిచి చూస్తేగానీ పడుకునేవాడు కాదు. అలాంటి దొర హుక్కా శుభ్రం చేసే పని పైడయ్యది.

ఒక ఉదయం దొర బుగ్గలు లోపలికి పోయేలా పీల్చినా హుక్కాలోంచి పొగ రాలేదు.

"ఇది పైడయ్య పనే ప్రభూ! గొట్టంలో విషం కూరి ఉంటాడు" అన్నాడు పక్కనే ఉన్న పేష్కారు జోగారావు.

దొర కళ్లు ఎర్రబడ్డాయి. ఈ కొలువు తన బావమరిదికి ఇప్పించాలని పేష్కారు ఎన్నాళ్లనుంచో కాచుకుని ఉన్నాడని పైడయ్యకు తెలుసు.

"బాబూ, గొట్టంలో విషం పెట్టేవాడు పొగ బాగా వచ్చేటట్టు చూస్తాడు గానీ దారి మూస్తాడా? ఎవడో పొగాకులోనే విషం కలిపి ఉంటాడు. అది తమరి నోటిదాకా రాకుండా ఈ గొట్టం మూసిన పుణ్యాత్ముడెవరో, తమరి ప్రాణం నిలబెట్టాడు" అన్నాడు పైడయ్య.

దొర వేలి ఉంగరం తీశాడు. "ఎవడు వాడు? ఈ ఉంగరం వాడిదే!"

"నేనే ప్రభూ!" అంటూ పేష్కారు ముందుకు దూకాడు. "పొద్దున్నే చింతగింజకు గుడ్డపేలిక చుట్టి నేనే కుక్కాను."

పైడయ్య కొబ్బరి ఈనెతో గొట్టం పొడిచాడు. పేలిక చుట్టిన చింతగింజ టపుక్కున రాలింది.

దొర ఉంగరం మళ్లీ తన వేలికే తొడుక్కున్నాడు. "మరి ఇందాక వీడి పేరు ఎందుకు చెప్పావోయ్?"

హుక్కాలో గాలి ఆడింది. పేష్కారు గొంతులో ఆగిపోయింది.