బుదవ్వ స్టేజీ

మా ఆశ్రమానికి దారి చెప్పాల్సి వస్తే నాకు తల కొట్టేసినట్టు ఉండేది.

హైదరాబాద్ నుంచి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేస్తాడు. "ఈదయ్య గురువుగారి దర్శనానికి వస్తున్నామండీ, ఎక్కడ దిగాలి?" అంటాడు. నేను గొంతు తగ్గించి, "బుదవ్వ స్టేజీ దగ్గర" అంటాను. "ఏ అవ్వ?" అని మళ్లీ అడుగుతాడు. నేను మళ్లీ చెప్పాలి.

బుదవ్వ అంటే ఏ దేవతో, సత్రం కట్టించిన ఏ మహాతల్లో అనుకునేరు. బస్సు ఆగే చోట టార్పాలిన్ కింద జామకాయలు అమ్ముకునే మనిషి. నోట్లో ఎప్పుడూ ఆకువక్క. నోరు తెరిచిందంటే అంత దూరంలో ఉన్న మా ఆశ్రమంలో ధ్యానం చెదిరిపోవాల్సిందే. ఆమె పేరు ఆ స్టేజీకి ఎవరు పెట్టారయ్యా అంటే, ఎవరూ పెట్టలేదు. కండక్టర్లు అట్లా అరిచారు, జనం అట్లా దిగారు, అంతే. తర్వాత రోడ్డు వెంట ఇరవై ఇళ్లు లేచాయి. ఆ వాడకూ అదే పేరు. బడి వచ్చింది. బడి గోడ మీదా అదే పేరు. ఆఖరికి టౌను మార్కెట్లో జామకాయల్ని కూడా "బుదవ్వ కాయలు" అని అరిచి అమ్ముతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

మరి మా గురువుగారి పేరు ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి ఆయన. నలభై ఏళ్లుగా ఆ రెండు పెంకుటి గదుల్లో కూర్చుని తత్వాలు పాడుతున్నారు, కష్టమొచ్చి అడిగినవాళ్లకు నాలుగు మాటలు చెబుతున్నారు. పుస్తకం వేయిద్దామంటే వద్దన్నారు. ఫోటో పెడదామంటే నవ్వేశారు. ఆ ఏడు వానాకాలంలో జ్వరం పట్టుకుని ఆయన్ను ఇరవై రోజులు మంచం దిగనివ్వలేదు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఈయన పోతే ఏం మిగులుతుంది? పదేళ్లు గడిస్తే ఇక్కడ ఈదయ్య అనే మహానుభావుడు ఉండేవాడని ఎవరికి గుర్తుంటుంది?

నేను ఆశ్రమానికి రాకముందు మండలాఫీసులో గుమాస్తాను. అర్జీలు రాయడంలో చెయ్యి తిరిగినవాణ్ని. నాలుగు ఊళ్లు తిరిగి సంతకాలు పెట్టించాను. బస్ డిపోకు ఆరుసార్లు పోయి వచ్చాను. చివరికి ఉత్తరం వచ్చింది. స్టేజీ పేరు "ఈదయ్యనగర్" అని మార్చడానికి అభ్యంతరం లేదు. కాకపోతే సదరు ఈదయ్యగారు బతికే ఉన్నారు గనక వారు సమ్మతిస్తూ సంతకం పెట్టాలి.

ఉత్తరం పట్టుకుని పరుగెత్తాను. గురువుగారు వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నారు. చదివి వినిపించాను. సంతోషం పట్టలేక ఇంకోసారి చదివాను.

"మంచిగ రాసిండ్రు" అన్నారు.

"సంతకం, గురువుగారూ."

ఆయన కాగితం వైపు చూడలేదు. "రాజనర్సూ, స్టేజీ కాడి బుదవ్వ తన బిడ్డ కాన్పుకు పోతున్నదట. పది దినాలు రాదు. ఆ జాగ నువ్వు చూసుకో" అన్నారు.

"నేనా? జామకాయలు అమ్మాలా?"

"అమ్మితె అమ్ము, లేకుంటె లేదు. ఆడ ఉండు. ఆమె వచ్చినంక కాగితం తే. పెడుత."

పది రోజులే కదా, కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి అనుకున్నాను. మొదటి రోజు పొద్దున ఒక పుస్తకం పట్టుకుని పోయి కూర్చున్నాను. రెండు పేజీలు చదివానో లేదో బస్సు వచ్చి ఆగింది. "బుదవ్వ స్టేజీ! దిగేటోళ్లు జల్ది రాండ్రి!" అని కండక్టర్ అరిచాడు. తల బయటపెట్టి నన్ను చూశాడు. "బుదవ్వ ఏది?"

"లేదు. పది రోజులు నేనుంటాను."

"సరె, గీ సంచి పట్టు. రాములు సారు వచ్చి తీస్కపోతడు" అని ఒక బరువైన సంచి నా ఒళ్లో పడేసి, రైట్ రైట్ అని వెళ్లిపోయాడు. రాములు సారెవరో నాకు తెలిస్తే కదా!

కాసేపటికి ఒకాయన వచ్చి, హాస్టల్లో ఉన్న కొడుక్కి అన్నం డబ్బా పంపాలి, తర్వాతి బస్సులో ఎక్కించమని చేతిలో పెట్టాడు. ఒక టీచరమ్మ స్కూటీ తాళం ఇచ్చి పోయింది. ఒక ముసలాయన వచ్చి, "మా కోడలు దిగిందా?" అన్నాడు. మీ కోడలు ఎవరని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "బుదవ్వకు ఎరికె" అన్నాడు. పుస్తకం మూసి నా చేతిసంచిలో పెట్టేశాను.

రెండో రోజు ఎనిమిది గంటల బస్సు వచ్చింది. పొలాల బాటలో దూరంగా ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వస్తోంది, చేతిలో పరీక్ష అట్ట. నేను లేచి నిలబడి, "కొంచెం ఆగండి, ఒకమ్మాయి వస్తోంది" అన్నాను. ఎంతో మర్యాదగా అన్నాను, ఆఫీసులో పెద్దసారుతో అన్నట్టు. డ్రైవరుకు వినబడలేదు. బస్సు కదిలిపోయింది. ఆ తర్వాతి బస్సు పదిన్నరకు.

ఆ అమ్మాయి వచ్చి రోడ్డు అంచునే కూలబడింది. నన్ను తిట్టినా బాగుండేది. "బుదవ్వ ఉంటె ఆపేది" అని ఏడుపు మొదలుపెట్టింది.

దారిన పోయే మోటారు సైకిలాయన్ను బతిమాలి ఎక్కించి పంపాను గానీ, ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు. సాయంత్రం బస్సు దిగి, పావుగంట ఆలస్యమైనా పరీక్ష రాయనిచ్చారని ఆ పిల్ల చెప్పినప్పుడు దండం పెట్టాలనిపించింది.

మూడో రోజు బస్సు కనబడగానే పోయి రోడ్డు మధ్యన నిలబడ్డాను. రెండు చేతులూ అడ్డంపెట్టి, "ఓ డ్రైవరన్నా! ఇంకా ఇద్దరొస్తున్నరు! ఆగు!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది. డ్రైవర్ బ్రేకు మీద కాలేసి, కిటికీలోంచి తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఏం బుదవ్వా! ఎంతమంది ఉన్నరు?"

బస్సు బస్సంతా నవ్వింది. నా ముఖం మాడిపోయింది. "నా పేరు రాజనర్సు" అన్నాను. అప్పటికే బస్సు వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకో ఇద్దరు కండక్టర్లు అట్లాగే పిలిచారు. ఆ మర్నాడు బడి పిల్లలు మొదలుపెట్టారు. కోపం చేసి చూశాను, ఇంకా ఎక్కువ పిలిచారు. ఆరో రోజున ఒక కండక్టర్, "ఓ బుదవ్వా, ఈ తల్లికి కండ్లు సరిగ కానరావు, చెయ్యి పట్టి దించు" అని కేకేస్తే, "ఆఁ, వస్తున్న!" అని పరుగెత్తాను. ఆమెను దించి నీడకు తెచ్చి కూర్చోబెట్టాక గానీ, ఏ పేరుకు పలికానో నాకు తట్టలేదు.

నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకు అక్కడ హాయిగా ఉంది. ముసలాయన కోడలు ఎవరో తెలిసింది. ఆమె ఏ బస్సుకు వస్తుందో కూడా తెలిసింది. టీచరమ్మ పొద్దున తాళంతో పాటు నాకు గ్లాసెడు చాయ తెచ్చిపెట్టేది. కోసిన జామకాయకు ఉప్పు ఎంత, కారం ఎంత అద్దాలో చెయ్యికి వచ్చేసింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బస్సు టైరు పంక్చరైంది. డ్రైవర్ మొగిలయ్య రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. కండక్టరుకు పని అప్పజెప్పి నా పక్కన వచ్చి కూర్చుని, జామకాయ కొరుకుతూ అన్నాడు, "నాకు ఎరికైన కాడికి నువ్వు మూడో బుదవ్వవు."

"మూడో బుదవ్వనా?"

"అసలు బుదవ్వ ఎన్నడో సచ్చిపాయె గదయ్యా! నేను డ్యూటీల కొత్తగ చేరినప్పుడు ఉండె. ఆమె పోయి ఇరవై ఐదేండ్లు దాటింది. ఇప్పుడున్నామె పేరు సత్తవ్వ."

నా చేతిలో కత్తి అట్లాగే ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా రోజూ ఆమె ముందు నుంచే పోతున్నాను. నీ పేరేంటమ్మా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. ఆమె పేరనుకున్నది తీసేయించడానికి మాత్రం డిపో చుట్టూ ఆరుసార్లు తిరిగాను. నాకు చాలా సిగ్గేసింది.

పదకొండో రోజు పొద్దున సత్తవ్వ బస్సు దిగింది. మనుమరాలు పుట్టిందని నా చేతిలో మిఠాయి పెట్టింది. గంప అప్పజెబుతూ అడిగాను.

"ఆ బుదవ్వ నీకు ఏమవుతుంది? అత్తా?"

"ఏం గాదు. నేను నాట్లకు వచ్చినదాన్ని. ఆ దినం ఆమెకు పానం బాగలేకుండె. జర గంప చూడు బిడ్డా, ఇప్పుడే వస్త అని ఇంటికి పోయింది. మల్ల రాలే." సత్తవ్వ జామకాయల మీద నీళ్లు చల్లుతూ చెప్పింది. "బస్సులు వస్తనే ఉండె. మనుషులు దిగుతనే ఉండిరి. ఎట్ల ఇడిసిపెట్టి పోత?"

"అందరూ నిన్ను ఆమె పేరుతోనే పిలుస్తారు. నీకు బాధ కాదా?"

పిచ్చోణ్ని చూసినట్టు చూసింది నన్ను. "పిలిచినప్పుడు ఒకలు పలుకాలె గదనయ్యా. నా పేరు నా ఇంట్ల ఉన్నది, యాడికి పోతది? లే, లే, బస్సొచ్చే యాళ్లయింది, జాగ ఇడువు" అని నన్ను లేపేసింది.

ఆశ్రమానికి నడిచి వచ్చాను. అరుగు మీద అప్పటికే పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. లోపల గురువుగారు తంబూర ఒళ్లో పెట్టుకుని చాప మీద ఉన్నారు. జ్వరం తగ్గి నాలుగు నెలలైనా గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

"కాగితం తెచ్చినవా? పెడుత అన్న గదా" అన్నారు.

ఉత్తరం జేబులోనే ఉంది. తీయాలనిపించలేదు. "గురువుగారూ, మీరు పోతే..." అన్నాను. ఆరుసార్లు డిపోకు మోసిన అర్జీలో ఈ ఒక్క ముక్కే నేను రాయలేదు. కళ్లనీళ్లు కారిపోయాయి.

ఆ చాప మీద ఆయన తప్ప ఇంకొకరు కూర్చోగా మేమెవరం ఎన్నడూ చూడలేదు. గురువుగారు గోడ వైపుకు కొంచెం జరిగి, తంబూర నా చేతికిచ్చారు.

"ఇట్ల కూసో బిడ్డా" అన్నారు, అరుగు వైపు చూపిస్తూ. "వాళ్లొచ్చి శానసేపైంది."